ఆరువేల స్పీడు

"మళ్ళీ మోసుకొచ్చారా మేడమ్?" అన్నాడు కిరీటి, తల కూడా ఎత్తకుండా.

గవర్నర్‌పేటలో అతనిది కంప్యూటర్ల షాపు. అప్పుడే బిగించిన కొత్త సిస్టమ్ ఒకటి మూత తీసి కౌంటర్ మీద ఉంది. తడి కుంకుమలో ఉంగరం వేలు ముంచి మదర్‌బోర్డు అంచున, ర్యామ్ పక్కనే ఒక బొట్టు, ఫ్యాను మీద ఒక బొట్టు పెట్టాడు. అగరొత్తి తిప్పి, మూత బిగించి, సీలు అతికించాడు. దాన్ని కొనుక్కున్న కంకిపాడు పెద్దమనిషి వెంకటప్పయ్య గారు కళ్ళకద్దుకున్నారు.

ఈ తతంగం అయ్యేదాకా డయానా తన సీపీయూని చంకన పెట్టుకుని నిలబడే ఉంది. పామర్రు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఇలా తేవడం ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ కిరీటి మూతైనా తియ్యకుండా తిప్పి పంపేశాడు. తోడుగా తండ్రి ఏసుపాదం గారు కూడా వచ్చారు. కంప్యూటరంటే ఏమిటో తెలియని ముసలాయన. ఆయనకి స్టూలు చూపించాలన్న ఆలోచన కిరీటికి రాలేదు.

"ర్యామ్ స్పీడు నాలుగువేల ఎనిమిదొందల్లో ఉంచితే బానే నడుస్తోందండీ," అంది డయానా. "అట్టపెట్టె మీద ఆరువేలని ఉంది కదా. ఆ ఆరువేలకి పెడితే పది నిమిషాల్లో ఆగిపోతోంది."

"అయితే నాలుగువేల ఎనిమిదొందల్లోనే వాడుకోండి. ఏం, పామర్రు నించి రాకెట్లు వదుల్తున్నారా?"

కిరీటి లెక్కలో కస్టమర్లు రెండే రకాలు. ఏమీ తెలియనివాళ్ళు, తెలుసనుకునేవాళ్ళు. మొదటి రకమంటే అతనికి జాలి. రెండో రకమంటే మంట. పల్లెటూరి నుంచి వచ్చి, అందులోనూ ఆడపిల్లయి ఉండి, ర్యామ్ స్పీడు గురించి మాట్లాడేవాళ్ళని ఏ రకంలో వెయ్యాలో కూడా అతనికి తెలియలేదు.

"పెళ్ళిళ్ళు లైవ్ ఇస్తానండీ, నాలుగు కెమెరాలతో. తక్కువ స్పీడులో బొమ్మ ఆగి ఆగి వస్తోంది. ఆరువేలకి పెడితే మొత్తం సిస్టమే ఆగుతోంది. పోయిన వారం సరిగ్గా ఉంగరాలు మార్చుకునే టైముకి స్క్రీను నల్లగా అయిపోయింది. శనివారం ఇంకో పెళ్ళి ఉంది. ఈసారి కూడా ఆగిందంటే ఇంక నన్నెవరూ పిలవరు."

"బయాస్ అప్‌డేట్ చేశారా? అసలు అదంటే తెలుసా?"

"చేశానండీ. వోల్టేజీ కూడా కొంచెం పెంచి చూశా. మెమరీ టెస్టు పెట్టా. తక్కువ స్పీడులో ఒక్క తప్పు లేదు. ఆరువేలలో వందల్లో వస్తున్నాయి. ర్యామ్ సరిగ్గా కూర్చోలేదేమో, ఒక్కసారి విప్పి చూడండి."

కిరీటికి ఒళ్ళు మండిపోయింది.

"విన్నారా సార్?" అన్నాడు వెంకటప్పయ్య గారితో. "రెండు వీడియోలు చూసొచ్చి మనకే పాఠాలు! పదిహేనేళ్ళ సర్వీసండీ నాది. నేను బిగించిన ర్యామ్ కూర్చోదట!" మళ్ళీ డయానా వైపు తిరిగాడు. "మీ నాన్నగారు పాస్టరు కదమ్మా? ఆయన చేత ఓ ప్రార్థన చేయించండి. ఆరువేలేం ఖర్మ, ఎనిమిదివేలతో పరిగెత్తుద్ది."

వెంకటప్పయ్య గారు నవ్వారు. పక్కన మౌసులు బేరమాడుతున్న ఇద్దరు కూడా నవ్వారు. ఏసుపాదం గారు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు.

డయానా సీపీయూని అతని వైపు చాపింది.

"ప్రార్థన మేం చేసుకుంటాంలెండి. మీరు విప్పండి."

"విప్పుతా. మా తప్పుంటే అన్నీ కొత్తవి వేసి ఇస్తా. మీ తప్పుంటే మాత్రం వారంటీ గోవిందా. ఈ కంకిపాడు పెద్దాయనే సాక్షి."

సీపీయూని ఒక్క గుంజు గుంజి కౌంటర్ మీదికి లాగాడు. ముందు సీలు చూశాడు. ఎక్కడా చిరగలేదు. అది అతనికి నచ్చలేదు.

"తీస్తే వారంటీ పోద్దని మీరే అన్నారుగా. తియ్యలేదు," అంది డయానా.

కిరీటి సీలు చించి, మూత తీసి, ఒక ర్యామ్ ముక్కని ఊడబెరికి లైటు కింద తిప్పి చూశాడు. అడుగున మెరవాల్సిన పిన్నుల మధ్య ఎర్రటిదేదో ఎండి పొక్కు కట్టి ఉంది. స్లాట్ అంచున కూడా అదే ఎరుపు. అతని మొహం వెలిగిపోయింది.

"రండి సార్, రండి, అందరూ చూడండి! ఆవకాయ! అన్నం తిన్న చేత్తో ర్యామ్ పీకారు. పిన్నుల్లో కారం దూరితే ఇంక ఆరువేలెక్కడ నిలబడుద్ది? సీలు మళ్ళీ అతికించే తెలివుంది గానీ చెయ్యి కడుక్కునే తెలివి లేదు!"

"మేం అసలు ముట్టుకోలేదండీ!" అంది డయానా.

"ముట్టుకోకుండా ఎగిరొచ్చి పడిందా?" ర్యామ్ ముక్కని తీసుకెళ్ళి ఏసుపాదం గారి ముక్కు ముందు పెట్టాడు. "మీరు దేవుడి మనిషి కదా, అబద్ధం ఆడకూడదు. చెప్పండి పాస్టరు గారూ, ఇది మీ ఇంట్లోది కాకపోతే ఎవరింట్లోది?"

ఏసుపాదం గారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. కళ్ళజోడు సర్దుకుని చూశారు. గోటితో కొంచెం గీకి వాసన చూశారు. ఆ తర్వాత ఇంకా తడి ఆరని కిరీటి ఉంగరం వేలు వంక చూశారు. షాపులోకి వచ్చాక ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"కారం కాదు బాబూ, కుంకుమ. పాస్టరు ఇంట్లో కుంకుమ ఎక్కడిది?"