చంపండి చూద్దాం

"ఈ ప్రోగ్రామింగ్ భాషలో వేల పనులు ఒకేసారి నడుస్తాయి. మీ ఫోన్ల నుంచి దేన్నయినా చంపండి. పక్కదానికి చీమ కుట్టినట్టయినా ఉండదు, చచ్చింది తనే మళ్లీ లేస్తుంది," అన్నాను. ప్రోగ్రామర్ల సభలో అక్క తన వంతు మానుకుని నాకిప్పించిన మొదటి ప్రసంగం అది.

అందరూ నొక్కారు. తెర మీద ఒక్కో పనినీ చూపే పచ్చ చుక్కలు ఆరిపోయి, మళ్లీ వెలిగాయి.

"మూడింటిని చంపానమ్మాయ్, మొండిఘటాలు," అన్నాడు ముందు వరసలో ఒక పెద్దాయన. హాలంతా నవ్వులు, చప్పట్లు.

నీళ్ల సీసా ఇచ్చే నెపంతో అక్క వేదిక పైకొచ్చింది. "తెర కింది మూలన తేదీ చూడవే. నిన్నటిది."

అసలుది ఎక్కడ మొరాయిస్తుందోనని ముందురోజు తీసిపెట్టుకున్న వీడియో అది. కంగారులో అసలుదాని బదులు దాన్నే నడిపాను. వాళ్ల ఫోన్లకీ దానికీ ఏ సంబంధమూ లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్క వెళ్లి ఆ మూలకి అడ్డంగా నిలబడి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.