గుర్తులేని స్కోరు

"ఏమ్మా, ఆగు! ఆ పెట్టె నీకెక్కడిది?"

జనాన్ని తప్పించుకుంటూ స్టాండు మెట్లెక్కుతున్న ఆవిడ ఠక్కున ఆగింది. యాభై దాటిన మనిషి. మెడకు బూడిదరంగు మఫ్లరు, చేతిలో పాత తోలుపెట్టె. మంచుగడ్డ మీద కర్రలతో ఆడే బాండీ ఆట చూడటానికి వచ్చే పెద్దవాళ్ళ చేతుల్లో అలాంటి పెట్టె ఒకటి ఉండనే ఉంటుంది. అందులో ఫ్లాస్కు, కప్పులు. ఫ్లాస్కులో కాఫీతోపాటు ఇంకేం కలిపారో అడగడం మర్యాద కాదు. ఈ పెట్టెకి గొళ్ళెం విరిగితే ఎవరో స్కేట్ల తాడుతో బిగించి కట్టారు. ఆ ఎవరో, ఇప్పుడామెను ఆపిన ముసలాయన ఫోల్కెనే.

"ఆల్గోట్ గారిది," అందామె.

"అది నాకూ తెలుసు. ఆయనేడి?"

"పోయారండీ. అక్టోబరులో."

ఫోల్కె తన పక్కనున్న ఖాళీచోటు వైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి చలికాలం ఈ మూల, ఈ దీపస్తంభం కింద అతనూ ఆల్గోటూ పక్కపక్కన నిలబడ్డారు. ఒకరి ఇల్లు ఒకరు చూడలేదు, ఫోన్ నంబరు అడగలేదు. మంచు కరిగితే ఎవరి దారి వారిది, మళ్ళీ గడ్డకడితే ఇక్కడే. మా ఊళ్ళలో స్నేహాలు అలాగే ఉంటాయి. ఒకడు రాకుండా పోయేదాకా బాగానే ఉంటాయి కూడా. ఈ సీజనంతా ఫోల్కె పక్కచోటు ఎవరికీ ఇవ్వకుండా "మనిషి వస్తున్నాడు" అని పోట్లాడుతూనే ఉన్నాడు. ఇవాళ ప్రపంచ పోటీల ఫైనల్, అదీ సొంత మైదానంలో, స్వీడన్‌కీ ఫిన్లాండ్‌కీ. చస్తే తప్ప రాకుండా ఉండడనుకున్నాడు.

"పేపర్లో వెయ్యలేదే?"

"వేయించేవాళ్ళు లేరు," అని ఆమె తల దించుకుంది.

ఫోల్కె ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాడు. "నువ్వు ఇంగెలావి. వాడి కూతురివి."

ఆమె ఏదో చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే మూల నుంచి కొట్టిన బంతి ఫిన్లాండ్ వలలో పడింది. స్టాండంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆ హోరులో ఫోల్కె ఆమె చేతులు రెండూ పట్టుకుని ఊపేస్తున్నాడు. కన్నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి.

"వచ్చావు! ఎప్పటికైనా వస్తుందిరా అని వాడు అంటూనే ఉండేవాడు!"

అరుపులు తగ్గేసరికి ఆమె చెప్పబోయిన మాట గొంతులోనే ఉండిపోయింది. తాడు విప్పి, రెండు కప్పుల్లో కాఫీ పోసింది.

ఫోల్కె ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "ఇదేంటి, ఉత్త కాఫీయా? వాడు చూస్తే పరువు పోయిందనేవాడు."

"ఏం కలపాలో నాకు తెలీదండీ."

"నేర్పిస్తాలే. ఏం పని చేస్తావమ్మా?"

"ఇళ్ళు ఖాళీ చేసే పని. సామాను సర్దడం, మొయ్యడం."

"మరి వాడి ఇల్లు?"

"నేనే సర్దాను. అన్నీ ఒక్కొక్కటేనండీ. ఒక కుర్చీ, ఒక కంచం, ఒక చెంచా." తన కప్పు వైపు చూసుకుంది. "మా ఇంట్లోనూ అంతే. కానీ ఈ పెట్టెలో కప్పులు రెండున్నాయి, ఇవాళ్టి ఆటకి టికెట్టుంది. రెండోది ఎవరిదో చూద్దామనిపించింది."

"నాది," అన్నాడు ఫోల్కె, దొంగతనం ఒప్పుకున్నట్టు.

సగం ఆట అయ్యేసరికి చెరో రెండు గోల్స్. సన్నగా మంచు పడుతోంది. ఫోల్కెకి ఆట మీద ధ్యాస లేదు.

"వాడు నాకొక పని అప్పజెప్పాడమ్మా. ఫోన్ చేస్తే మా అమ్మాయి ఎత్తదు, ఉత్తరం రాస్తే విప్పకుండా తిప్పికొడుతుంది, ఎప్పుడైనా కనిపిస్తే నువ్వయినా చెప్పరా అన్నాడు. చెప్పకుండానే నేనూ పోతానేమోనని నా భయం. నీ పెళ్ళిరోజు సంగతి."

ఆమె కప్పు కింద పెట్టింది.

"ఆ ఏడు కూడా ఫైనల్ ఇక్కడే. ఫైనల్ రోజున పెళ్ళి పెట్టుకోవడం నీదే తప్పని చాలా ఏళ్ళు వాదించాడులే. కొత్త కోటు వేసుకుని, దానికి పువ్వు పెట్టుకుని వచ్చాడు. కాసేపు చూసి చర్చికి పోతానన్నాడు. పోలేదు."

"ఎందుకని?"

"ఆలస్యమైందని సిగ్గు. ఆలస్యమైనకొద్దీ ఇంకా సిగ్గు. మొండి వెధవ." ఫోల్కె ముక్కు తుడుచుకున్నాడు. "చూసిన ప్రతి ఆట స్కోరూ వాడికి కంఠతా. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆ ఒక్కరోజుది చెప్పలేడు. 'కళ్ళు ఇక్కడున్నాయిరా, నేను చర్చి గుమ్మంలో ఉన్నాను. ఆ స్కోరు నాకు గుర్తులేదని దానికి చెప్పు. ఆ ఒక్కమాట చాలు, మా అమ్మాయికి అర్థమవుతుంది' అన్నాడు."

ఆమె మఫ్లరులో ముఖం దాచుకుని చాలాసేపు ఏడ్చింది. ఫోల్కె ఓదార్చడం చేతకాక మైదానం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకోసారి చెప్తారా? ఆయన అన్నది అన్నట్టుగా?"

చెప్పాడు. ఆమె పెదవులు అతని మాటల వెంట కదిలాయి.

"క్షమిస్తావా మరి?"

"ఆ మాట ఇప్పుడు నేను చెప్పలేనండీ."

"తొందరేం లేదులే."

స్వీడన్ గెలిచింది. జనం ఒకరినొకరు కౌగిలించుకుంటుంటే ఫోల్కె కూడా ఆమె భుజం తట్టాడు. శరీరం తేలికైనట్టుంది అతనికి. ఇన్నాళ్ళ చలికాలంలో ఇవాళే మొదటిసారి వెచ్చగా అనిపించింది.

"వచ్చే సీజన్‌కి వస్తావుగా? ఇక్కడే, ఈ స్తంభం కింద."

"వస్తానండీ. మా ఇంట్లో మాత్రం నా కోసం ఎవరు చూస్తుంటారు?"

ఫోల్కె బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె కూడా ఊపింది. తర్వాత తన వ్యానులో కూర్చుని, చేతి తొడుగులు తీసి, యజమానికి ఫోన్ చేసింది.

"సార్, ఆల్గోట్ గారి కూతురి నంబరు ఒకసారి ఇస్తారా?"