రెండు గడియల తలుపు

"మధ్యలో రాతి గోడ రావాలి. అది కూడా మందంగా!" అని తోర్లైవ్ బల్ల మీద గుద్దాడు.

"ఇంకా మందంగానే కట్టించు. నీ ప్రసంగానికి మీవాళ్ళు పెట్టే గురక మాకు వినపడకుండా ఉంటుంది" అన్నాడు ఓడ్‌మున్.

మీటింగులో సగం మంది నవ్వారు. సగం మంది నవ్వలేదు.

క్రోక్‌విక్ అనే ఆ రేవు ఊరు ఎప్పుడూ అంతే. తోర్లైవ్ ప్రార్థన మందిరానికి పెద్ద. ఓడ్‌మున్ ఫిడేలు వాయిస్తాడు, డాన్సు హాలు వాళ్ళకి అతనే నాయకుడు. ఫిడేలు సైతాను వాయిద్యమని మందిరంవాళ్ళంటారు. నవ్వడం చేతకాని మనుషులని డాన్సువాళ్ళంటారు. ఒకరి గడప ఒకరు తొక్కరు.

ఇప్పుడు మందిరం కప్పు కురుస్తోంది. డాన్సు హాలు నేల పుచ్చిపోయింది. ఇంత చిన్న ఊరికి రెండు కొత్త భవనాలకి డబ్బు ఎవరూ ఇవ్వరు. ఒక్కటే కట్టుకుని ఇద్దరూ వాడుకోవాలి.

ఆ పని సిన్నోవె మీద పడింది. ఆర్కిటెక్టు, పక్క ఊరి అమ్మాయి. రేవులో వరసగా నిలబడ్డ పడవల కొట్టాలు చూసి, అదే పోలికలో గీసుకొచ్చింది. పక్కపక్కనే ఆనుకుని రెండు కొట్టాలు. ఏటవాలు కప్పు మీద రాతి పలకలు. వానగాలి కొట్టే వైపు గోడకి, తాతల నాడు చేసినట్టే, జునిపర్ పొద కొమ్మల తడిక. పెళ్ళికైనా, సంతకైనా, నాటకానికైనా, చావుకైనా అందులోనే చోటు.

అన్నీ అందరికీ నచ్చాయి. మధ్య గోడ దగ్గరే మాట ఆగిపోయింది.

"గోడెందుకు? తలుపులు పెట్టండి."

వెనక బెంచీ మీద ఒక ముసలావిడ. అందరూ తిరిగి చూశారు.

"పడవల కొట్టానికి ఉన్నట్టు నిలువెత్తు తలుపులు. అక్కర్లేనప్పుడు మూసుకోండి, కావాలంటే తెరుచుకోండి."

"మీరెవరమ్మా?" అన్నాడు తోర్లైవ్.

"రేవు దగ్గర గది తీసుకున్నాను. వేసవికి వచ్చాను."

"వేసవికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇస్తాం. ఓటివ్వం."

ఈసారి రెండు వైపులా నవ్వారు. ఆవిడా నవ్వి, కాఫీ పుచ్చుకుంది.

పేరు మాత్రం ఎవరూ అడగలేదు. వేసవి బామ్మ అన్నారు, అంతే.

మర్నాడు సిన్నోవె రేవులో కొలతలు తీసుకుంటుంటే ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"తలుపులు పెడితే తోర్లైవ్ గారు ఒప్పుకోరు బామ్మగారూ. అటువాళ్ళు తోసుకొస్తారని ఆయన భయం."

"గడియ ఎటు పెడతావు?"

"ఎటు పెట్టినా రెండోవాళ్ళు గొడవ చేస్తారు."

"రెండు వైపులా పెట్టు. ఇద్దరూ తీస్తేనే తెరుచుకుంటుంది."

సిన్నోవె టేపు చుట్టేసి, అక్కడే రాతి మీద కూర్చుని గీయడం మొదలుపెట్టింది.

ఆ మాట తోర్లైవ్ దగ్గరికి మోసుకెళ్ళింది కూడా బామ్మే. ఆయన గొర్రెల దొడ్డికి కంచె బాగుచేస్తున్నాడు.

"మా వైపు గడియ మేం తియ్యం. ఎప్పటికీ తియ్యం."

"తియ్యకు తమ్ముడూ. నిన్నెవరు తియ్యమన్నారు?"

"తియ్యని తలుపు ఎందుకు మరి?"

"నువ్వు తియ్యకపోతే నీ తర్వాతవాళ్ళు తీసుకుంటారు. గోడైతే పగలగొట్టాలి కదా, పాపం."

తోర్లైవ్ మరో మేకు తీసుకున్నాడు. ఆవిడ కాసేపు ఆయన ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.

"ఏమిటమ్మా?"

"ఏం లేదు. గాలి కొడుతోంది, చెవులు కప్పుకో" అని వెళ్ళిపోయింది.

ఆ వారమే తోర్లైవ్ ఒప్పుకున్నాడు. మూసి ఉంచే తలుపు గోడ కిందే లెక్క అని తనవాళ్ళకి సర్దిచెప్పాడు.

మరుసటి వేసవికి హాలు లేచింది.

ప్రారంభం రోజు అటు ఫిడేలు, ఇటు కీర్తనలు. మధ్యలో తలుపులు బిగించే ఉన్నాయి. కాకపోతే కాఫీ కాచే వంటగది డాన్సువాళ్ళ వైపు పడింది. కేకులన్నీ మందిరం వైపు ఆడవాళ్ళు చేసుకొచ్చారు.

కాసేపటికి తోర్లైవ్ భార్య బోర్గిల్ లేచింది.

"ఎక్కడికి?"

"కాఫీ లేకుండా కేకు నా గొంతు దిగదు."

"బోర్గిల్!"

"ప్రార్థన అయిపోయిందిగా. దేవుడికి లేని ఇబ్బంది నీకేమిటి?"

ఇటు గడియ లాగి, తలుపు మీద తట్టింది. అవతల ఫిడేలు ఆగింది. తర్వాత అటు గడియ కూడా కదిలింది.

సాయంత్రానికి ఎవరు ఎటువాళ్ళో చెప్పడం కష్టమైపోయింది. ఓడ్‌మున్ తోర్లైవ్ పక్కనే కూర్చుని మూడో ముక్క తింటున్నాడు.

"మీ కీర్తనల కంటే కేకు బాగుంది."

"నీ ఫిడేలు కంటే కాఫీ నయం" అని, తోర్లైవ్ సిన్నోవెని పిలిచాడు. "ఆ బామ్మ ఏదమ్మా? ముందు వరసలో కూర్చోవలసిన మనిషి."

"కబురు పెట్టానండి. వాళ్ళబ్బాయి వచ్చారు."

యాభై దాటిన మనిషి ఒకాయన ముందుకొచ్చాడు.

"అమ్మ మార్చిలో పోయిందండి. నిద్రలోనే."

తోర్లైవ్ చేతిలో కప్పు కింద పెట్టాడు.

"అయ్యో! పేరైనా అడగలేదు మేం. మా ఊరంటే ఆవిడకి అంత ప్రేమేమిటి బాబూ?"

"ఇక్కడే పుట్టింది. ఫిడేలు వాయించే కుర్రాణ్ణి ఇష్టపడింది. పెళ్ళికి మందిరం చోటివ్వలేదు. గొడవకి భయపడి డాన్సు హాలూ ఇవ్వలేదు. ఇద్దరూ పడవెక్కి బెర్గెన్ పట్నానికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత తాతగారు ఇంట్లో అమ్మ పేరెత్తనివ్వలేదట."

"ఆ సంగతి మాతో చెప్పచ్చుగా!"

"నేనూ అదే అన్నాను. చెబితే పాత గొడవే తవ్వుకుంటారు, తలుపుల సంగతి మర్చిపోతారు అంది."

"ఇంతకీ ఏ ఇంటి ఆడపడుచు ఆవిడ?"

అతను తోర్లైవ్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇల్లు వదిలేటప్పుడు, ఉయ్యాల్లో నిద్రపోతున్న తమ్ముణ్ణి ముద్దు పెట్టుకుని వచ్చానని చెప్పేది, మామయ్యా."