నవల తెరిచిందెవరు?

“పీకకండొదినా! పీకితే నవల గోవిందా!” ఫోన్లో మరిది యుగంధర్ అరిచాడు.

పెన్‌డ్రైవ్ మీద వేసిన చేతిని భాగ్యరేఖ చటుక్కున వెనక్కి తీసుకుంది. అందులో ఉన్నది ఆమె మొదటి నవల. ఉన్న కాపీ అదొక్కటే. పన్నెండింటిలోగా నవలల పోటీ పెట్టిన తెలుగు సంఘంవాళ్ల చేతికివ్వాలి. పదకొండు దాటింది. తియ్యబోతే కంప్యూటరేమో ‘ఇంకా వాడుకలో ఉంది’ అంటూ మొండికేసింది.

“నేనేదీ తెరవలేదు బాబూ. మరేటి వాడుతున్నట్టు?”

“ఏక్ మినిట్. అడ్మిన్ పాస్‌వర్డ్‌తో ఎక్కి, ఎల్.ఎస్.ఓ.ఎఫ్. అని కొట్టి పెన్‌డ్రైవ్ పేరివ్వండి. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు పట్టుకుందో చెప్పేస్తాది.”

కొట్టింది. ఒక్కటే వరుస వచ్చింది. ఏదో ప్రోగ్రాం ఆమె తొమ్మిదో అధ్యాయాన్ని తెరిచి కూర్చుంది!

“నా నవల కాజేస్తున్నారు బాబూ!”

“అరే, గాభరా పడకండి. ఆ వరుసలో నంబరుంది కదా, దాంతో మళ్లీ కొట్టండి. అది తెరిచిన ఫైళ్లన్నీ దొరికిపోతాయి.”

ఈసారి వరుసలు జలజలా దిగాయి. ప్రోగ్రాం ఆమె ఫైలు చదువుతూ ఇంకో ఫైల్లోకి ఎక్కిస్తోంది. నడిపిస్తున్న మనిషి పేరు చూసి భాగ్యరేఖ మొహం మాడిపోయింది. మనోజ్‌కుమార్. పొద్దున్నే ఫస్ట్ షిఫ్టుకి ప్లాంటుకెళ్లిన సాక్షాత్తూ మొగుడు!

బొబ్బిలి నుంచి, మొగుడు పుట్టిపెరిగిన ఈ హిందీ ఊళ్లోని సెక్టర్ 4 క్వార్టర్‌కి కాపురానికొచ్చి పదినెలలు. ఒక్క పేజీ చదివి ఎలా ఉందో చెప్పమంటే ఒకరోజు కళ్లు మంటలన్నాడు, ఇంకోరోజు తలనొప్పన్నాడు. అలాంటి మహానుభావుడు దొంగచాటుగా కాపీ పెట్టేసి డ్యూటీకి పోతాడా?

“మీ అన్నయ్యే!”

“అన్నయ్యా? ఎక్కిస్తున్న ఫైలు ఎక్కడుంది?”

“ఆయన ఫోల్డర్లో. అక్కడింకో ఎనిమిదున్నాయి.”

“మొదటిది నొక్కండి, చూద్దాం.”

నొక్కింది. స్పీకర్లోంచి ఒక మిషను గొంతు ఆమె మొదటి అధ్యాయాన్ని గడగడా చదవసాగింది. తన వాక్యాలు తనకే వినిపించేసరికి భాగ్యరేఖకి ఒళ్లు పులకరించింది, ఆ వెంటనే మండింది.

“చూశావా? పెళ్లాం రాసింది చదవడానికి అంత బద్ధకమా? మిషనుతో చదివించుకుంటాడా? రానీ, ఇవాళ అడిగేస్తాను!”

“అడక్కండొదినా. చెప్పనని నాచేత ఒట్టేయించుకున్నాడు.”

“ఏటి చెప్పనని?”

యుగంధర్ గొంతు తగ్గించాడు.

“అన్నయ్యకి తెలుగు చదవడం రాదు.”