నూకరత్నానికి నచ్చిన కాఫీ

నూకరత్నం కాఫీ గ్లాసు వైపు చూడనైనా చూడలేదు. ఇత్తడి ఫిల్టరు మూత తీసి, పైగిన్నెలో మిగిలిన పిప్పిని రెండు వేళ్లతో నలిపింది. వాసన చూసింది. పెదవి విరిచింది.

"ఇది కాదమ్మా" అంది.

ఆ కాఫీ పెట్టింది కొత్త కోడలు దేవిశ్రీ. కాపురానికి ఛత్తీస్‌గఢ్‌లోని ఇనుప గనుల ఊరు బచేలి వచ్చి నెల తిరగలేదు. భర్త గిరీష్ ట్రైనింగు కోసం హైదరాబాద్ వెళ్లాడు. కంపెనీ క్వార్టరులో మిగిలింది అత్త, మామ, తను. అన్నం వండితే జావ అవుతుంది. పప్పు చేస్తే చారవుతుంది. తనకు చేతనైంది కాఫీ ఒక్కటే. విశాఖలో పుట్టింటికి వచ్చిన చుట్టాలు అడిగి మరీ పెట్టించుకునేవారు. దానితో కూడా అత్తగారి చేత బాగుందనిపించుకోలేకపోతే ఈ ఇంట్లో ఇక తన ముఖం ఎలా చూపించడం?

మామగారు అప్పలకొండ గ్లాసు అందుకుని ఊదుకుంటూ తాగేశాడు.

"ఎలా ఉంది మామయ్యా?"

"తాగడం నా డ్యూటీ. మంచీ చెడ్డా మీ అత్త చూసుకుంటాది."

మర్నాడు దేవిశ్రీ సారెతో తెచ్చుకున్న ఫ్రెంచ్ ప్రెస్ బయటికి తీసింది. గాజు జాడీలో పొడి, వేడినీళ్లు పోసి, కాసేపాగి జల్లెడ మూతను కిందికి నొక్కడమే. నూకరత్నం జాడీ ఎత్తి అడుగు చూసింది.

"కొంచెం నయం. బరకగా ఉంది."

కాఫీ బరకగా ఉండడమేమిటో దేవిశ్రీకి తెలియలేదు. అయినా నయం అంది కదా అని పుట్టింటికి ఫోన్ చేసి చెప్పుకుంది.

పిప్పి మాత్రం నూకరత్నం ఎవరినీ ముట్టుకోనివ్వదు. తనే పెరటి తలుపు తీసి, పట్టుకెళ్లి వచ్చి, మళ్లీ గడియ పెడుతుంది. కోడల్ని అటు రావద్దంటుంది. కొండ మీంచి ఎలుగుబంట్లు దిగుతాయట. ఖనిజం ధూళికి లేత రంగు చీరలు సాయంత్రానికల్లా ఇటుక రంగు తేలినా సరే, ఉతికిన బట్టలు వీధివైపే ఆరేయిస్తుంది. తనను ఇంత అపురూపంగా చూసుకుంటున్నందుకు దేవిశ్రీ కరిగిపోయింది.

ఒక మధ్యాహ్నం పక్క క్వార్టరు పూనం వచ్చి అసలు సంగతి చెప్పింది.

"ఆంటీకి టెన్షన్ ఉంది భాభీ. జనవరిలో కాంపిటీషన్ కదా. జడ్జీలు ఘర్ ఘర్, ఇంటింటికీ వస్తారు. మూడేళ్ల నుంచి ఫస్ట్ ప్రైజ్ ఎదురింటి రాజేశ్వరరావు అంకుల్‌దే."

దేవిశ్రీకి అంతా అర్థమైపోయింది. ఇంటి పరువంతా తన చెంచా మీద ఉందన్నమాట.

దేవిశ్రీ కాఫీ కష్టాలు విని పూనం తనూ ఓ చెయ్యి వేసింది. ఇన్‌స్టంట్ పొడి, పంచదార, రెండు చుక్కల నీళ్లు కప్పులో వేసి, చెయ్యి నొప్పెట్టేదాకా గిలక్కొట్టి, పైన పాలు పోసి, నురగ కిరీటంతో తెచ్చి ముందు పెట్టింది. నూకరత్నం కప్పులోకి తొంగి చూసింది.

"అంతా కరిగిపోయాక ఇంక మనకి మిగిలేదేటి?"

పూనం ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది.

దేవిశ్రీ పట్టు వదల్లేదు. స్టవ్ మీద పెట్టే మోకా పాట్‌లో చేసింది. మాడు వాసనంది అత్తగారు. పాత ధోవతి గుడ్డలో వడకట్టింది. మెత్తటి బురదంది. గిన్నెలో నీళ్లు, పొడి కలిపి మరిగించింది. సారమంతా లాగేశావంది. ఈ మూడూ అప్పలకొండ కడుపులోకే వెళ్లాయి. కుర్చీలో కూర్చున్నా ఆయన కాళ్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

ఎదురింటి రాజేశ్వరరావు గేటు దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చాడు.

"చెల్లెమ్మా, మీ కాఫీ వాసన రోడ్డు దాటి వస్తోంది."

"రానీ అన్నయ్యా. నువ్వు కంగారు పడకు" అని నూకరత్నం తలుపు మూసేసింది.

ఆఖరికి దేవిశ్రీ దగ్గర కాగితం గరాటు ఒక్కటే మిగిలింది. గాజు కూజా మీద గరాటు పెట్టి, అందులో పొడి పోసి, సన్నటి ధారగా నీళ్లు తిప్పుతూ వంచింది. ఊపిరి బిగబట్టి చేసింది. చుక్క చుక్కగా దిగింది కాఫీ.

నూకరత్నం తడి కాగితాన్ని పిప్పితో సహా అరచేతిలోకి తీసుకుంది. నలిపింది. వాసన చూసింది. ఆమె కళ్లు మెరిశాయి.

"ఇదే తల్లీ. నాకు కావలసింది అచ్చంగా ఇదే. రోజూ ఇలాగే పెట్టు."

"బాగుందా అత్తయ్యా?"

"బాగుండడమేటి, బంగారం."

దేవిశ్రీకి కళ్లు చెమర్చాయి. ఆ రోజు నుంచి పూటపూటా గరాటు కాఫీయే. అప్పలకొండ డ్యూటీ మానకుండా తాగాడు.

పోటీ ఆదివారం రానే వచ్చింది. నూకరత్నం పట్టుచీర కట్టింది. దేవిశ్రీ కొత్త కప్పులు కడిగి, పొగలు కక్కే కాఫీ పోసి, ట్రే పట్టుకుని గుమ్మం పక్కన నిలబడింది. ముగ్గురు జడ్జీలు లోపలికి వచ్చారు. వాళ్ల వెనకాలే రాజేశ్వరరావు.

నూకరత్నం వాళ్లను ట్రే దగ్గర ఆగనివ్వలేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరటి తలుపు దాకా నడిపించింది. గడియ తీసింది. దేవిశ్రీ ఎలుగుబంట్ల మాట కూడా మరిచిపోయి, ట్రేతో సహా వాళ్ల వెనక పరిగెత్తింది.

రాజేశ్వరరావు గడప మీదే ఆగిపోయాడు.

పళ్లెమంత విచ్చుకున్న ఎర్రగులాబీ ముందు వంగిన పెద్ద జడ్జి "ఈ మొక్కకి ఏం ఎరువు వేశారమ్మా?" అని అడిగితే, నూకరత్నం కోడలి భుజం మీద చెయ్యి వేసి, "మా దేవి కాఫీ పిప్పండి, కాఫీ రుచి మాత్రం నన్నడక్కండి, పుట్టి బుద్ధెరిగి నేనెప్పుడూ తాగలేదు" అంది.