వట్టి తీగల చప్పుడు

నా కొడుకు జోయెల్ పోయాక వాడి గిటారు సౌండు మార్చే పెట్టె కోసం హెప్సిబా వచ్చింది. ఇద్దరూ ఒకే బ్యాండులో గిటారు వాయించేవాళ్లు. కాలితో నొక్కే ఆ నల్ల పెట్టెను నేను అంతవరకు ఎవరినీ ముట్టనివ్వలేదు.

"ఆంటీ, ఒక్కో పాటకీ జోయెల్ కుదిర్చిన సౌండంతా దీంట్లోనే ఉండాది. శనివారం బెళ్ళందూరులో మాకు షో. గిటారు దీనికి తగిలిస్తే చాలు, ఎవరు వాయించినా జోయెల్ వాయించినట్టే ఉంటాది."

"ఎవరు వాయించినా వాడిలాగేనా?"

"కండ్లు మూసుకుంటే వాడే అనుకుంటారు ఆంటీ."

నేను వాడి షో ఒక్కటీ చూడలేదు. పీణ్యలో మాది ఒక్క గది ఇల్లు. పక్కవాళ్లు కేకలేస్తారని వాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించేవాడు. ఆ పెద్ద సౌండంతా వాడి చెవుల్లోకే పోయేది. పొయ్యి దగ్గరున్న నాకు వట్టి తీగల చప్పుడే వినిపించేది. ఇన్నేళ్లూ నేను విన్నది అదొక్కటే. ఇంకొక్కసారి వింటే చాలనిపించింది.

గోడకున్న వాడి గిటారు తీసి హెప్సిబా చేతికిచ్చాను.

"పెట్టె తీసుకుపోదువు గాని తల్లీ. ముందు వాడి పాటొకటి వైరు తగిలించకుండా వాయించు."

పొయ్యి వైపు తిరిగి కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎక్కడా తప్పు లేకుండా వాయించింది. గిటారు వాడిదే, పాట వాడిదే. చెయ్యి వాడిది కాదు.

"ఎట్లుండాది ఆంటీ?" అంది ఆశగా.

"శానా బాగుండాదమ్మా."

పెట్టె నేనే సంచిలో సర్ది ఇచ్చాను. ఆ గిటారు కూడా తీసుకుపొమ్మన్నాను.