నాలుగు వేళ్ల మడత

గౌను అంచు తిరగేసి చూసి పాప తల్లి నవ్వింది.

“నాలుగు వేళ్ల మడతేంటి బాబాయ్? ఎప్పుడూ రెండు వేళ్లేగా పెడతారు. ఏడాదికోసారి వచ్చి విప్పించుకుంటాంగా.”

“పిల్ల ఎదుగుతోంది కదమ్మా,” అన్నాడు టైలరు తలెత్తకుండా. “చేతికుట్టే వేశా. దారం లాగితే నువ్వే విప్పుకోవచ్చు.”

వీధిలో ఒక్కో కొట్టూ మూతపడి కాఫీ షాపులు, జిమ్ములు వెలుస్తున్నా, తాను మాత్రం కదిలేది లేదని నిన్నమొన్నటిదాకా అన్నాడీయన. ఆమె చుట్టూ చూసింది. కుట్టు మిషనుకు గోనెపట్టా చుట్టి, తాడు కట్టేసి ఉంది.

గౌను మళ్లీ ఆయన చేతిలో పెట్టింది.

“రెండు వేళ్లే పెట్టండి బాబాయ్. వచ్చే ఏడు మళ్లీ వస్తాం.”

ఆయన గౌను నెమ్మదిగా మడిచి, ఆమె సంచిలోనే పెట్టాడు.